పండుటాకుల రంగులు హెచ్‌డీఆర్‌లో తీయడం ఎలా?

ఆకురాలే కాలం మొదలవగానే నాకు వచ్చే ప్రశ్నలు రెండే. మొదటిది: "కళ్లెదుట చెట్టు నిప్పులా వెలిగిపోతోంది, ఫొటోలో మాత్రం ఆకాశం తెల్లగా పాలిపోయింది, కాండం బొగ్గులా ఉంది. ఎందుకు?" రెండోది: "హెచ్‌డీఆర్ చేశాను, ఇప్పుడు ఆకులన్నీ ప్లాస్టిక్ తోరణాల్లా కనిపిస్తున్నాయి. ఏం తప్పు చేశాను?" ఎన్నిసార్లు విడివిడిగా చెప్పినా మళ్లీ ఇవే వస్తున్నాయి కాబట్టి, చెట్టు ముందు నిలబడ్డప్పటి నుంచి ఫొటో పూర్తయ్యే దాకా అంతా ఒకేచోట రాస్తున్నాను.

సిద్ధాంతం నాలుగు మాటల్లో ముగిద్దాం. వెలుగు రెట్టింపైతే ఒక స్టాప్ పెరిగినట్టు. ఇప్పటి మంచి సెన్సర్లు తక్కువ ఐఎస్ఓలో (సెన్సర్ సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే అంకె) 12 నుంచి 14 స్టాపుల తేడాను పట్టుకుంటాయి. కానీ ఎండకు ఎదురుగా నిలబడి, కొమ్మల సందుల్లో సూర్యుడూ కావాలి, కింద నీడలో నాచు పట్టిన వేళ్లూ కావాలి అంటే ఆ పరిధి చాలదు. అందుకని ఒకే దృశ్యాన్ని కొంచెం చీకటిగా, మామూలుగా, కొంచెం వెలుగుగా తీసి కలుపుతాం. హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్) చేసే పని ఇంతే, వెలుగును పూర్తిగా సేకరించడం. రంగు ఎలాగూ చెట్టు దగ్గరే ఉంది. హెచ్‌డీఆర్‌తో రంగు తెప్పిద్దామని చూసినప్పుడే ఆ ప్లాస్టిక్ తోరణాలు తయారవుతాయి.

అసలు అవసరమా? ముందు ఇది తేల్చుకోండి

నా లెక్కలో పండుటాకుల ఫొటోల్లో సగానికి పైగా హెచ్‌డీఆర్ అక్కర్లేనివే. మబ్బు పట్టిన రోజున, ఆకాశం ఫ్రేములో లేకుండా అడవి లోపల తీస్తుంటే వెలుగు తేడా చాలా తక్కువ. ఒక్క రా ఫైలు (సెన్సర్ పట్టిన సమాచారమంతా అలాగే ఉంచే ఫైలు) సరిపోతుంది. పైగా ఆ మెత్తని వెలుగులో రంగులు వాటంతట అవే చిక్కగా ఉంటాయి. ఎండ మీ వీపు వైపు నుంచి చెట్టు మీద పడుతున్నా చాలాసార్లు ఒక్క ఫ్రేము చాలు.

హెచ్‌డీఆర్ కావలసింది ఇలాంటి చోట్ల: సూర్యుడు చెట్టు వెనక ఉన్నప్పుడు, దట్టమైన కొమ్మల కింది నుంచి పైకి ఆకాశంలోకి చూస్తున్నప్పుడు, లోయలో వాగు నీడలో ఉండి ఎదుటి కొండ మీద ఎండ పడుతున్నప్పుడు, అడవిలోకి ఎండ చారలు చారలుగా దిగుతున్నప్పుడు.

అనుమానం ఉంటే ఒక చిన్న పరీక్ష చేయండి. ఆకాశం, ఆకుల అంచులు తెల్లబడిపోని విధంగా ఒక ఫ్రేము తీసి హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) చూడండి. ఎడమ గోడకు గ్రాఫ్ గుట్టగా ఆనుకుని ఉంటే హెచ్‌డీఆర్ కావాలి. ఎడమ వైపు కొంచెం ఖాళీ ఉంటే ఆ ఒక్క ఫ్రేముతో ముందుకెళ్లండి, కంప్యూటర్‌లో నీడలు లేపుకోవచ్చు.

కావలసినవి

- రా ఫార్మాట్‌లో తీయగల, ఎక్స్‌పోజర్ బ్రాకెటింగ్ (ఒకే దృశ్యాన్ని వేరువేరు వెలుగుల్లో వరుసగా తీసే సదుపాయం) ఉన్న కెమెరా. మెనూలో దీన్ని ఏఈబీ అనో, బీకేటీ అనో చూపిస్తారు.
- ట్రైపాడ్. చేత్తో పట్టుకుని తీసినా సాఫ్ట్‌వేర్ ఫ్రేముల్ని సరిచేసి కలుపుతుంది, కానీ సన్నని కొమ్మల దగ్గర తేడా తెలుస్తుంది.
- రిమోట్ బటన్. లేకపోతే కెమెరాలోని 2 సెకన్ల టైమర్.
- సర్క్యులర్ పోలరైజర్ ఫిల్టర్. ఈ కాలంలో ఒక్క ఫిల్టరే కొనగలిగితే ఇదే కొనండి.
- లెన్స్ తుడుచుకునే మెత్తని గుడ్డ. ఎండకు ఎదురుగా తీసేటప్పుడు అద్దం మీది దుమ్ము రేణువు కూడా మచ్చలా వెలుగుతుంది.
- కలపడానికి సాఫ్ట్‌వేర్. డబ్బు పెట్టేవాళ్లకు లైట్‌రూమ్, ఫొటోమాటిక్స్ ఉన్నాయి. ఉచితంగా కావాలంటే డార్క్‌టేబుల్, లూమినెన్స్ హెచ్‌డీఆర్, హగిన్‌తో పాటు వచ్చే ఎన్‌ఫ్యూజ్ ఉన్నాయి.

1. గాలి లేని సమయం చూసుకోండి

పండుటాకుల హెచ్‌డీఆర్‌కు అసలు శత్రువు గాలి. కొండ కదలదు, భవనం కదలదు. ఆకు మాత్రం మొదటి ఫ్రేములో ఒకచోట, మూడో ఫ్రేములో ఇంకోచోట ఉంటుంది. కలిపాక ఒక్క ఆకుకు రెండు మూడు నీడలు కనిపిస్తాయి. దీన్నే ఘోస్టింగ్ అంటారు.

తెల్లవారగానే గాలి సాధారణంగా నిలకడగా ఉంటుంది. ఎండెక్కి నేల వేడెక్కే కొద్దీ పెరుగుతుంది. అందుకే సూర్యోదయం తర్వాతి గంట మీకు రెండు విధాలా లాభం: ఏటవాలు వెలుగు, కదలని ఆకు. మధ్యాహ్నమే వీలైతే గాలి అలల్ని గమనించండి. ఒక విసురు వచ్చి వెళ్లాక కొన్ని సెకన్లు కొమ్మలు సద్దుమణుగుతాయి. మీ ఫ్రేములో అన్నిటికంటే ముఖ్యమైన కొమ్మ ఏదో దాన్నే చూస్తూ ఉండండి. అది ఆగగానే నొక్కండి. ఓపిక ఇక్కడ పెట్టాలి, కంప్యూటర్ ముందు కాదు.

వెలుగు ఆకు వెనక నుంచి వస్తే ఆకు తానే దీపమైనట్టు ఉంటుంది, ఎందుకంటే పలుచని ఆకులోంచి వెలుగు వడకట్టుకుని మీదాకా వస్తుంది. అలా తీసేటప్పుడు సూర్యుణ్ణి కాండం వెనకో, లావుపాటి కొమ్మ వెనకో సగం దాచండి. వెలుగు తేడా ఒక్కసారిగా తగ్గుతుంది, లెన్స్‌లో వచ్చే పొగలాంటి మసకా తగ్గుతుంది. ఒక హెచ్చరిక: కెమెరాలోని అద్దాల వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు, కన్ను దెబ్బతింటుంది. వెనక తెర మీద చూసి ఫ్రేము కట్టుకోండి.

2. కెమెరాలో ఆటో అన్నవన్నీ ఆపండి

ఫార్మాట్ రా. అపర్చర్ (లెన్స్ రంధ్రం; అంకె పెరిగితే రంధ్రం చిన్నది) ఎఫ్/8 లేదా ఎఫ్/11. ఎఫ్/16 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వెలుగు చెదరడం) వల్ల ఆకు ఈనెలు మెత్తబడతాయి. ఫ్రేముల మధ్య మారవలసింది షట్టర్ స్పీడ్ ఒక్కటే. అపర్చర్ మారితే ఫోకస్‌లో ఉండే లోతు మారిపోయి ఫ్రేములు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. అపర్చర్ ప్రయారిటీలో గానీ మాన్యువల్‌లో గానీ తీస్తే ఈ బాధ ఉండదు.

ఆటో ఐఎస్ఓ ఆపేశారో లేదో రెండుసార్లు చూసుకోండి. ఒక ఏడాది నేను మంచులో మేపుల్ చెట్ల కింద ఉదయమంతా తీశాను. ఇంటికొచ్చి చూస్తే మాన్యువల్ మోడ్‌లో ఆటో ఐఎస్ఓ నడుస్తూనే ఉంది. ప్రతి సెట్‌లోనూ షట్టర్ కదలకుండా ఐఎస్ఓ మాత్రం 100, 400, 1600 అని మారింది. చూడటానికి మూడు ఫ్రేములూ మూడు వెలుగుల్లో ఉన్నాయి గానీ, సెన్సర్ మీద పడిన వెలుగు మూడింటిలోనూ ఒకటే. నీడల్ని ఏ ఫ్రేము నుంచి తీసుకున్నా నాయిస్ (చుక్కలు చుక్కలుగా కనిపించే గరుకుదనం). ఆ మంచు మళ్లీ దొరకలేదు. అందుకే ఇప్పుడు ట్రైపాడ్ కాళ్లు బిగించగానే నేను చూసే మొదటి అంకె ఐఎస్ఓ.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే కెమెరా ఫ్రేము నిండా ఉన్న పసుపు, నారింజల్ని చూసి "ఇది బల్బు వెలుగేమో" అనుకుని చల్లబరుస్తుంది. డేలైట్ పెట్టండి, నీడలో తీస్తుంటే క్లౌడీ పెట్టండి. రాలో తర్వాతైనా మార్చుకోవచ్చు, కానీ అక్కడే తెర మీద సరైన రంగు కనిపిస్తే మీ నిర్ణయాలు బాగుంటాయి.

పిక్చర్ స్టైల్ న్యూట్రల్‌కు మార్చండి. కెమెరా చూపించే హిస్టోగ్రామ్ రా నుంచి కాక జేపెగ్ నమూనా నుంచి వస్తుంది. వివిడ్‌లో పెడితే ఎరుపు నిజంగా నిండకముందే నిండిందని చూపిస్తుంది. నీడల్ని తనంతట తాను లేపే సదుపాయాలు, కెమెరాలోనే హెచ్‌డీఆర్ చేసే సదుపాయం కూడా ఆపండి. ట్రైపాడ్ మీద ఉంటే పాత లెన్సుల్లో ఇమేజ్ స్టెబిలైజేషన్ ఆపడం మంచిది.

3. పోలరైజర్ తిప్పి చూడండి

ఆకు మీద మైనంలాంటి పొర ఉంటుంది. ఆకాశం దాని మీద తెల్లని మెరుపుగా ప్రతిఫలిస్తుంది, ఆ మెరుపు కిందే అసలు రంగు దాగి ఉంటుంది. పోలరైజర్‌ను మెల్లగా తిప్పుతూ ఆకుల్ని చూడండి. ఒక చోట మెరుపు పోయి రంగు పైకి తేలుతుంది. వాన పడి ఆగాక తడి ఆకుల మీద ఈ మార్పు చూస్తే, సాచురేషన్ (రంగు చిక్కదనం) స్లైడర్ అవసరమేముందని మీకే అనిపిస్తుంది.

మెరుపు పూర్తిగా చంపేయకండి, కొంచెం ఉంటేనే ఆకుకు తడి, నునుపు తెలుస్తాయి. ఫిల్టర్ ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది కాబట్టి షట్టర్ నెమ్మదిస్తుంది, గాలి ఉన్న రోజున అది కష్టం. సూర్యుడికి లంబంగా ఉన్న ఆకాశంలో ఫిల్టర్ ప్రభావం ఎక్కువ, అందువల్ల వైడ్ లెన్స్‌లో ఆకాశం ఒకచోట ముదురుగా, ఇంకోచోట లేతగా పట్టీలా వస్తుంది. అలా వస్తే కొంచెం వెనక్కి తిప్పండి. చెరువులో చెట్ల ప్రతిబింబం కావాలనుకుంటే ఫిల్టర్ దాన్ని కూడా తుడిచేయగలదు, చూసుకోండి.

సెట్ మధ్యలో మాత్రం ఫిల్టర్ ముట్టుకోవద్దు.

4. ఫోకస్ పెట్టి బిగించండి

ముఖ్యమైన కొమ్మ మీద ఆటోఫోకస్ చేసి, వెంటనే మాన్యువల్ ఫోకస్‌కు మార్చండి. లేకపోతే చీకటి ఫ్రేముకూ వెలుగు ఫ్రేముకూ కెమెరా మళ్లీ వెతుక్కుంటుంది. లైవ్ వ్యూలో పది రెట్లు పెద్దది చేసి ఆకు ఈనె కనిపిస్తోందో లేదో చూసుకోండి.

5. ఎన్ని ఫ్రేములు, ఎంత తేడా

మామూలుగా 3 ఫ్రేములు, ఒక్కోదానికీ 2 స్టాపుల తేడా. ఉదాహరణకు ఐఎస్ఓ 100, ఎఫ్/8 దగ్గర మధ్య ఫ్రేము 1/60 సెకను అయితే చీకటి ఫ్రేము 1/250, వెలుగు ఫ్రేము 1/15 అవుతాయి. మీ కెమెరా 1 స్టాప్ తేడానే ఇస్తే 5 ఫ్రేములు తీయండి, అదే పరిధి వస్తుంది. సూర్యుడు నేరుగా ఫ్రేములో ఉంటే 2 స్టాపుల తేడాతో 5 తీయండి. అంతకు మించి తీయడం వల్ల లాభం కంటే ఘోస్టింగ్ ఎక్కువ.

1/15 సెకనులో చిరుగాలికి కూడా ఆకు చెదిరిపోతుంది. అందుకని ఆకు కదులుతుంటే ఐఎస్ఓ 400 చేయండి. అప్పుడు మూడు ఫ్రేములూ 1/1000, 1/250, 1/60 అవుతాయి. చెదిరిన ఆకు కంటే కొంచెం నాయిస్ నయం. నాయిస్ తగ్గించుకోవచ్చు, చెదిరిన ఆకును ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

ఇప్పుడు ఎరుపు సంగతి, ఈ మొత్తంలో నేను ఎక్కువ పట్టుబట్టేది ఇక్కడే. కెమెరాలో మామూలుగా కనిపించే తెల్లని హిస్టోగ్రామ్‌లో ఆకుపచ్చ రంగుకు బరువు ఎక్కువ, ఎరుపుకు తక్కువ. ఎర్రటి మేపుల్ ఆకు వెనక నుంచి ఎండ కొడుతుంటే ఎరుపు చానెల్ కుడి గోడకు కొట్టుకుని నిండిపోయినా, తెల్లని గ్రాఫ్ మధ్యలో హాయిగా కూర్చుని ఉంటుంది. మీరు అంతా బాగుందనుకుంటారు. ఇంటికొచ్చాక ఆ ఆకు ఈనెలు లేని ఎర్రటి ముద్ద. కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లను విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని, మీ సెట్‌లోని అన్నిటికంటే చీకటి ఫ్రేములో ఎరుపు గ్రాఫ్ కుడి గోడకు తగలకుండా ఉందో లేదో చూడండి. తగిలితే మొత్తం సెట్‌ను ఒక స్టాప్ కిందికి దించండి.

బిర్చ్, ఆస్పెన్‌లాంటి పసుపు ఆకుల దగ్గర సమస్య కొంచెం వేరు. పసుపు అంటే ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఎక్కువగా ఉండటమే, కాబట్టి రెండు చానెళ్లూ కలిసి కుడికి పరుగెడతాయి. ఫ్రేము నిండా పసుపు ఉంటే కెమెరా మీటర్ దాన్ని చూసి చీకటిగా తీస్తుంది, అప్పుడు మధ్య ఫ్రేమును అర స్టాప్ నుంచి ఒక స్టాప్ పైకి పెంచవలసి రావచ్చు. ఓక్ చెట్ల గోధుమ రంగు ఆకులు ఈ ఇబ్బందులేమీ పెట్టవు, మీటర్ చెప్పినట్టే పోతాయి.

6. తీయండి, మళ్లీ తీయండి

కెమెరాను బర్స్ట్ మోడ్‌లో పెట్టి రిమోట్ నొక్కితే మూడు ఫ్రేములూ ఒక్క ఊపులో అయిపోతాయి, ఆకు కదిలే వ్యవధి తగ్గుతుంది. ఒక్కో దృశ్యానికి కనీసం మూడు సెట్లు తీయండి. ఏ సెట్‌లో కొమ్మ నిశ్చలంగా ఉందో తర్వాత ఏరుకోవచ్చు.

సెట్‌కూ సెట్‌కూ మధ్య లెన్స్ ముందు అరచేయి పెట్టి ఒక ఫొటో తీయండి. ఇంట్లో రెండు వందల ఒకేలాంటి ఫ్రేముల ముందు కూర్చున్నప్పుడు ఆ అరచేయి విలువ తెలుస్తుంది.

7. కదిలేముందు సరిచూసుకోండి

వెలుగు ఉండగానే, ట్రైపాడ్ ఎత్తకముందే ఇవి చూడండి:

- చీకటి ఫ్రేములో హైలైట్ హెచ్చరిక (తెల్లబడిపోయిన చోటును చూపే గుర్తు) ఎక్కడా మినుకుమినుకుమనకూడదు. సూర్యబింబం మాత్రం మినహాయింపు.
- వెలుగు ఫ్రేములో కాండం బెరడు గీతలు కనిపించాలి. హిస్టోగ్రామ్ ఎడమ గోడను వదిలి ఉండాలి.
- మధ్య ఫ్రేమును పెద్దది చేసి ఆకు అంచు చూడండి. ఈ ఒక్క ఫ్రేము నిశ్చలంగా ఉంటే మిగతావి కొంచెం చెదిరినా గట్టెక్కవచ్చు.

8. కలపడం

కలిపే ముందు విడి ఫ్రేముల్లో ఎక్స్‌పోజర్, కాంట్రాస్ట్ స్లైడర్లు కదపవద్దు. లైట్‌రూమ్‌లో సెట్‌లోని ఫ్రేములన్నీ ఎంచుకుని ఫొటో మెర్జ్‌లో హెచ్‌డీఆర్ నొక్కండి. ఆటో అలైన్ పెట్టండి. ఆటో సెట్టింగ్స్ తీసేయండి, అది నీడల్ని మరీ లేపేస్తుంది.

డీఘోస్ట్‌కు నాలుగు స్థాయిలు ఉంటాయి: ఏమీ వద్దు, తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. చాలామంది భయం కొద్దీ ఎక్కువ పెట్టేస్తారు. డీఘోస్ట్ చేసిన చోట సాఫ్ట్‌వేర్ ఒకే ఫ్రేము నుంచి తీసుకుంటుంది, కాబట్టి అక్కడ నీడల్లో నాయిస్ పెరుగుతుంది, ఒక్కోసారి మరకల్లా అంచులు తేలతాయి. ముందు తక్కువతో మొదలుపెట్టండి. ఓవర్‌లే చూపించమంటే ఎక్కడెక్కడ సరిచేస్తోందో రంగు వేసి చూపిస్తుంది. చెట్టు కొనల్లో మాత్రమే రంగు ఉంటే సరే. ఫ్రేమంతా రంగు పరుచుకుంటే ఆ సెట్ వదిలేసి ఇంకోటి తీసుకోండి.

ఫలితం రా లాంటిదే అయిన ఒక కొత్త డీఎన్‌జీ ఫైలుగా వస్తుంది. చూడటానికి చప్పగా ఉంటుంది, కంగారుపడకండి. లోపల సమాచారం నిండుగా ఉంది, ఎక్స్‌పోజర్ స్లైడర్ కూడా మామూలు రా ఫైలులో ఐదు స్టాపుల దాకా పోతే ఇక్కడ పది దాకా పోతుంది.

ఉచిత మార్గం కావాలంటే నా ఓటు ఎన్‌ఫ్యూజ్‌కు. ఇది ప్రతి ఫ్రేము నుంచీ బాగా వచ్చిన భాగాల్ని తీసుకుని నేరుగా కలిపేస్తుంది. ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ అనే ఈ పద్ధతిని 2007లో మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రతిపాదించారు. టోన్ మ్యాపింగ్ (పెద్ద వెలుగు పరిధిని తెరకు సరిపడేలా కుదించడం) లేకపోవడం వల్ల ఆకులు సహజంగా వస్తాయి, అతిచేయడానికి అవకాశం తక్కువ. రా ఫైళ్లను ముందు ఒకే సెట్టింగులతో టిఫ్‌లుగా మార్చుకుని ఇవ్వాలి, అంతే శ్రమ.

9. వెలుగు సర్దండి, నలుపు నిలబెట్టండి

ప్లాస్టిక్ తోరణాలు పుట్టేది ఇక్కడే, అందుకని ఈ వరుస తప్పవద్దు.

మొదట ఎక్స్‌పోజర్ సరిచేయండి. తర్వాత హైలైట్స్ కొంచెం తగ్గించండి, ఆకాశంలో మబ్బుల ఆకారం కనిపించేంత వరకే. షాడోస్ కొంచెం పెంచండి. బెరడు ఆనవాలు తెలిసిన చోట ఆగండి. ఆ తర్వాత బ్లాక్స్ కిందికి దించండి, కాండం లోపలి మడతలు నిజంగా నల్లబడే దాకా.

ఈ చివరి మెట్టు చాలామంది వదిలేస్తారు. ఫ్రేములు కలిపితే కాంట్రాస్ట్ పడిపోతుంది, కాంట్రాస్ట్ పడిపోతే రంగు వెలవెలబోతుంది. అది చూసి రంగు తగ్గిందనుకుని సాచురేషన్ పెంచుతారు. నలుపు వెనక్కి తెచ్చి చూడండి, రంగు దానంతట అదే తిరిగొస్తుంది. ఎర్రటి ఆకు మండుతున్నట్టు కనిపించేది వెనక నల్లటి కాండం ఉన్నప్పుడే. నీడలన్నీ తుడిచేసి అంతా ఒకే వెలుగు చేస్తే మంట ఆరిపోతుంది.

ఇంకా రంగు కావాలనిపిస్తే వైబ్రెన్స్ (వెలవెలబోయిన రంగుల్నే ఎక్కువగా పెంచే స్లైడర్) కొంచెం, పదికి మించకుండా. సాచురేషన్ జోలికి పోకండి. ఆకులు మరీ చీకటిగా ఉంటే రంగుల విభాగంలో నారింజ, పసుపుల లూమినెన్స్ (ఆ రంగు వెలుగు) కొంచెం పెంచండి, రంగు ముదరకుండానే ఆకు వెలుగుతుంది. ఆకుపచ్చ ఆకుల్ని హ్యూ స్లైడర్‌తో పసుపుకు తిప్పి పండించేయడం నాకు నచ్చదు. సగం పచ్చగా, సగం పండిన చెట్టు ఈ కాలపు అసలు అందాల్లో ఒకటి. దాన్ని అలాగే ఉండనివ్వండి.

కాంట్రాస్ట్ గట్టిపరిచే క్లారిటీ, డీహేజ్ స్లైడర్లను ఫ్రేమంతటికీ వేయకండి. ఆకాశం ముందు చెట్టు అంచు చుట్టూ తెల్లటి పట్టీ కనిపిస్తే అది హేలో, వీటిని అతిగా వాడిన గుర్తు. బెరడు మీదా, రాళ్ల మీదా మాత్రం మాస్క్ వేసి (మార్పు ఆ భాగానికే తగిలేలా ఎంచుకుని) వాడుకోవచ్చు.

10. గాలి ఆగనే లేదా? చేత్తో కలపండి

కొన్ని రోజులు అంతే, ఒక్క నిమిషం కూడా కొమ్మ నిలవదు. అప్పుడు ఆటోమేటిక్ కలపడం మానేసి, ఆకులన్నీ ఒకే ఫ్రేము నుంచి తీసుకోండి. లేయర్లు ఉన్న ఏ ఎడిటర్‌లోనైనా ఆకులు బాగున్న ఫ్రేమును కింద, ఆకాశం బాగున్న చీకటి ఫ్రేమును పైన పెట్టండి. పై లేయర్‌కు మాస్క్ వేసి ఆకాశం మాత్రం కనిపించనివ్వండి. కదలని కాండానికి, రాళ్లకు వెలుగు ఫ్రేము వాడండి. కొమ్మల సందుల్లో మాస్క్ అంచు కష్టపెడుతుంది, అక్కడ మెత్తని బ్రష్‌తో, తక్కువ సాంద్రతతో వేయండి.

ఇది కొత్త విద్యేమీ కాదు. 1850లలోనే ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి ఇంకో నెగటివ్ వాడి ఒకే చిత్రంగా ముద్రించాడు. అప్పటి రసాయనాలు రెండు వెలుగుల్నీ ఒకేసారి పట్టుకోలేకపోయేవి, మన ఇబ్బందీ అదే.

ఫోన్‌తో తీసేవాళ్లకు

మీ ఫోన్ అడగకుండానే చాలా ఫ్రేములు తీసి కలిపేస్తుంది. మీరు చేయవలసింది రెండు పనులు. వెలుగుతున్న ఆకు మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. తర్వాత ఆకు ఈనెలు కనిపించే దాకా ఎక్స్‌పోజర్ కిందికి జరపండి. వివిడ్‌లాంటి ఫిల్టర్లు వద్దు. రా తీసే వీలుంటే తీయండి.

ఇంకొక అయోమయం కూడా తరచూ చూస్తున్నాను: ఫోన్‌లో ఎండ కొట్టినట్టు మెరిసిన ఫొటో, వేరే తెర మీద చప్పబడుతోందని. హెచ్‌డీఆర్ అనే మాటకు ఇప్పుడు రెండో అర్థం ఉంది, తెర అదనపు వెలుగుతో చూపించడం. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14తో మొదలైన అల్ట్రా హెచ్‌డీఆర్ అలాంటిదే. ఆ సదుపాయం లేని తెర మీద అదే ఫొటో మామూలుగా కనిపిస్తుంది. ఫైలు పాడవలేదు.

తరచూ కనిపించే తప్పులు, వాటి గుర్తులు

సన్నని కొమ్మలు జంటగా కనిపిస్తే ఫ్రేములు సరిగ్గా కూర్చోలేదు. ట్రైపాడ్ జారి ఉండవచ్చు, మెత్తటి ఆకుల పొర మీద నిలబెడితే కాళ్లు మెల్లగా దిగిపోతాయి. ఆకులు తోసేసి గట్టి నేల మీద పెట్టండి.

తెల్లని మబ్బులు బూడిద రంగులో మురికిగా ఉంటే హైలైట్స్ మరీ లాగారు. ఎండ పడ్డ మబ్బు ఫ్రేములో అన్నిటికంటే వెలుగుగా ఉండాలి, ఆకు కంటే కూడా. నీటిలో ప్రతిబింబం ఆకాశం కంటే వెలుగుగా కనిపించినా అదే తప్పు. నీటిలోది ఎప్పుడూ కొంచెం ముదురుగానే ఉంటుంది.

ఆకాశం ముందున్న ఆకుల అంచుల్లో ఊదా గీత ఉంటే అది లెన్స్ లోపం. లెన్స్ కరెక్షన్‌లో క్రోమాటిక్ ఆబరేషన్ తీసేసే గడిలో టిక్ పెట్టండి, మిగిలితే డీఫ్రింజ్ వాడండి.

నీడలు నీలంగా ఉంటే వైట్ బ్యాలెన్స్ మొత్తాన్ని వెచ్చబరచకండి, ఎండలో ఉన్న ఆకులు మరీ నారింజ అయిపోతాయి. నీడ భాగానికి మాత్రం మాస్క్ వేసి కొంచెం వెచ్చదనం ఇవ్వండి. కొంత నీలం ఉండటమే నిజం, ఉదయపు చలి అందులోనే తెలుస్తుంది.

చివరిగా చూసుకోవలసింది

ఫొటో 100 శాతానికి పెద్దది చేసి మూడు చోట్ల చూడండి: ఆకాశం ముందు కొమ్మల అంచు, అన్నిటికంటే ఎర్రటి ఆకు, అన్నిటికంటే చీకటి మూల. తర్వాత బొటనవేలి గోరంత చిన్నది చేసి చూడండి. చిన్నగా ఉన్నప్పుడు చెట్టు చుట్టూ వెలుగు పట్టీ గానీ, అంతా ఒకే వెలుగైన చదునుదనం గానీ వెంటనే కంటికి తగులుతాయి.

ఎగుమతి చేసేముందు సాఫ్ట్ ప్రూఫ్‌లో (ఎగుమతయ్యాక రంగులు ఎలా ఉంటాయో ముందే చూపే చోట) ఎస్ఆర్‌జీబీ పెట్టండి. తెరల కోసం వాడే ఈ రంగుల పరిధి చిన్నది, మండే ఎరుపు, నారింజలు అందులో పట్టక ముద్దకడతాయి. హెచ్చరిక వచ్చిన రంగులకు సాచురేషన్ కొంచెం తగ్గిస్తే ఈనెలు మళ్లీ కనిపిస్తాయి. అవును, తగ్గిస్తేనే.

ఆ తర్వాత ఫైలు మూసేసి, ఒక రాత్రి ఆగండి. పొద్దున్నే మధ్య ఫ్రేమునూ, మీరు పూర్తిచేసిన ఫొటోనూ పక్కపక్కన తెరవండి. రెండింటిలోనూ ఎండ ఒకే వైపు నుంచి వస్తున్నట్టు, ఒకే సమయంలా అనిపించాలి. అలా అనిపించకపోతే తొమ్మిదో మెట్టుకు వెళ్లి షాడోస్ సగం వెనక్కి తీసి మళ్లీ చూడండి.